దిగులు గది ముందు బెంచీ

కంటికి, గుండెకు, మూత్రపిండాలకు వేర్వేరు గదులుండి, దిగులుకు మాత్రం గది లేకపోవడం నాగరిక సమాజానికి తలవంపులని పెద్దాసుపత్రి ఎట్టకేలకు గుర్తించింది. వెంటనే మెట్ల కింద సామాన్ల గదికి 'దీర్ఘరోగ వృద్ధుల విషాద నివారణ విభాగం' అని బోర్డు తగిలించింది. (చీపుళ్లు లోపలే ఉన్నాయి. వాటికింకా వేరే గది మంజూరు కాలేదు.)

షుగరు డాక్టరు టైలరు తాతను అక్కడికే పంపాడు. షుగరుతో వేళ్లు మొద్దుబారి, సూదిలో దారం ఎక్కించలేక తాత కుట్టుమిషను మూసేశాడు. అప్పటినుంచి అన్నం సయించదు, మాట పెగలదు. ఇంట్లో అందరూ షుగరెంతని అడిగేవాళ్లే గాని, ఆయనెలా ఉన్నాడని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

విభాగానికి విషాద పర్యవేక్షకుడు ఉన్నాడు. వైద్యుడి పదవే ఖాళీ. అది భర్తీ అయ్యేదాకా రోగులు రోజూ వచ్చి, బయట బెంచీ మీద తగినంత దిగులుగా కూర్చోవాలని నిబంధన.

పక్కన ఆయాసం మామ్మ కూర్చుని, తాత వివరాలన్నీ ఆరా తీసింది. (అక్కడ అందరికీ జబ్బే ఇంటిపేరు.)

"ఏం అన్నయ్యగారూ, టైలరై ఉండి చొక్కా గుండీ అలా వేలాడేసుకున్నారేంటి?"

తాతకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు సూదీ దారం తెచ్చాడు. మామ్మ దారం ఎక్కించింది, తాత కుట్టాడు. ఆ తర్వాత కీళ్లనొప్పుల మాస్టారి సంచీ, ఇంకెవరిదో చొక్కా చెయ్యీ వచ్చిపడ్డాయి.

"ఇది కుట్టా, చీమల బారా?" అంది మామ్మ.

తాత పకపకా నవ్వాడు. ఎన్నాళ్లకో విన్న తన నవ్వుకు తనే ఉలిక్కిపడ్డాడు. ప్రాణం లేచొచ్చినట్టయింది.

పర్యవేక్షకుడు పరుగున వచ్చాడు. "పెద్దాయనా, మీకు నయమైపోయింది. రేపట్నుంచి రానక్కర్లేదు."

"ఇంకా వైద్యమే మొదలవలేదు కదా బాబూ?"

"అదేనండీ మా విభాగం ప్రత్యేకత."

తాత ఇంటికెళ్లాడు. షుగరెంతని అడిగారు. చెప్పి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. వారం తిరక్కుండానే మళ్లీ మెట్ల కిందికి వచ్చాడు.

"మళ్లీ దిగులా? ఎందుకొచ్చిందండీ?"

"మీరు నయం చేశారు కదా, అందుకు."

పర్యవేక్షకుడు సానుభూతితో పేరు రాసుకున్నాడు. తాత బెంచీ కోసం చూశాడు. అక్కడ గోడ మాత్రమే ఉంది.

"తీసేశాం. మీరంతా ఒకచోట చేరితే దిగులు నిలవడం లేదని పైనుంచి ఆక్షేపణ వచ్చింది. వైద్యుడు రాగానే ఫోన్ చేస్తాం. అప్పటిదాకా ఇంట్లోనే ఉండి, ఎవరి అడ్డూ లేకుండా హాయిగా దిగులుపడండి."