బానెట్టు మీద తంబూర

పొద్దున ఆరున్నర బస్సుకు హిందూపురంలో ఎక్కి, పెనుకొండ మీదుగా తొమ్మిదికల్లా ధర్మవరం చేరాలన్నది హనుమప్ప ఆలోచన. అక్కడ పట్టుచీరల వ్యాపారి జయచంద్ర కొత్తింట్లో భజన. ఇరవై ఏళ్లు వెనక వరుసలో తాళాలు వాయించిన హనుమప్ప ఆ రోజే మొదటిసారి తంబూర పట్టుకుని గురువు పుల్లయ్య పక్కన కూర్చోబోతున్నాడు.

చిక్కల్లా ఆ తంబూరతోనే. అది చెక్కది కాదు. ఆ ఏడు కరువుకు బోర్లన్నీ ఎండిపోయి ప్లాస్టిక్ పైపులు చవగ్గా దొరికాయి. పరిగి రోడ్డులో రిపేరు అంగడి నడిపే చిన్నస్వామి ఒక పైపుముక్కకు ఫైబరు బుర్ర అతికించి, తీగలు బిగించి, పనసచెక్క రంగు పూసిచ్చాడు. మోత మాత్రం నిక్షేపంగా ఉంది.

"గురువు తట్టి చూస్తే ఏం చెప్తావు?" అని అడిగింది భార్య రామాంజినమ్మ, కాషాయం సంచి మూతి కడుతూ.

"తట్టనిస్తే గదా. ఆడ కూర్చునేదాకా సంచి ఇప్పను."

ఆమె భయంలో అర్థముంది. "ప్లాస్టిక్‌లో నాదం ఉండదప్పా, మోసం ఉంటాది" అని పుల్లయ్య ప్రతి భజనకు ముందు అరగంట ప్రసంగం చేస్తాడు. ప్లాస్టిక్ చిడతలు తెచ్చిన పాపానికి బృందంలోని పోతులయ్య చేత మూడు నెలలు జంపఖానాలు మోయించాడు. హనుమప్ప గుట్టు బయటపడితే ముందు వరుస మాట దేవుడెరుగు, బృందంలోనే చోటుండదు.

భజన బృందమంతా ఎక్కేసరికి బస్సు కిటకిటలాడుతోంది. ఎవరూ ఆనుకోకుండా ఉంటుందని హనుమప్ప సంచిని డ్రైవరు పక్కన ఇంజను బానెట్టు మీద పడుకోబెట్టి, వెనక సీట్లో కూలబడ్డాడు. బృందంలో అందరి సంచులూ ఒకే కాషాయం తానులోంచి కుట్టినవే. పుల్లయ్య తన సంచిని చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకున్నాడు. సోమందేపల్లి రాకముందే హనుమప్పకు కునుకు పట్టింది.

పెనుకొండ దాటాక ఒక కేకకు మెలకువ వచ్చింది. ముందు సీట్లో ఆకుకూరల గంపతో కూర్చున్న ఈరక్క కాళ్లు పైకెత్తుకుని వణికిపోతోంది.

"సంచిలో పాము ఉండాది. తల ఆడిస్తాండాది."

హనుమప్ప లేచి నిలబడి చూశాడు. బానెట్టు మీద సంచి వంకర తిరిగి ఉంది. బస్సు కుదిపినప్పుడల్లా దాని కొస బానెట్టు అంచున కిందికీ పైకీ ఊగుతోంది. ఇంజను వేడికి పైపు మెత్తబడిందని అతనికి ఇట్టే తెలిసిపోయింది.

డ్రైవరు బస్సాపాడు. జనమంతా ఒకరినొకరు తొక్కుకుంటూ దిగారు. కిటికీలోంచి తొంగిచూసినవాడు నాగుపాము అన్నాడు, వాడి పక్కవాడు రెండున్నాయన్నాడు. వెనక వచ్చిన లారీ ఆగింది, దాని వెనక మరో బస్సు ఆగింది. ఒకావిడ చెప్పులు విడిచి దండం పెట్టుకుంది. డ్రైవరు జాకీ రాడ్డు తీసుకుని లోపలికి ఎక్కబోయాడు.

హనుమప్పకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు తెరిస్తే పరువు పోతుంది, మూసుకుంటే తంబూర పోతుంది. ఇరవై ఏళ్ల ఆశ కళ్లముందే పచ్చడి కాబోతుంటే చూడలేకపోయాడు. పరుగెత్తి డ్రైవరు చెయ్యి పట్టుకున్నాడు.

"కొట్టొద్దప్పా. అది పాము కాదు, నా తంబూర. బోరు పైపుతో చేయించినా. ప్లాస్టిక్. వేడికి వంగిపోయింది."

బృందమంతా నోళ్లు తెరిచింది. హనుమప్ప తల వంచుకుని గురువు తిట్లకోసం ఎదురుచూశాడు. ఎంతసేపటికీ అవి రాలేదు. తలెత్తి చూస్తే పుల్లయ్య తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడు.

ఈలోగా కండక్టరు సంచి కిందికి తెచ్చి మూతి విప్పాడు. కొడవలిలా వంగిన తంబూర బయటికొచ్చింది. దాని బుర్ర మీద బంగారు రంగుతో 'భజన గురువు పుల్లయ్య' అని రాసి ఉంది.

హనుమప్ప ఆ అక్షరాలు రెండుసార్లు చదువుకున్నాడు.

"ఇది నీదెట్లయితాది?" అన్నాడు కండక్టరు. "గురువు తంబూరే ముందుండాలని సోమందేపల్లి కాడ ఈ పెద్దాయన దీన్ని ఈడ పెట్టి, నీ సంచి పైన ఎక్కించె గదా."

బస్సు లోపల సామాన్ల అర మీద హనుమప్ప తంబూర సంచిలోనే తిన్నగా, చెక్కుచెదరకుండా ఉంది.

జనం నవ్వుకుంటూ ఎక్కుతుంటే పుల్లయ్య అతని చెవి దగ్గరికి వంగాడు.

"నీది చేసింది యెవరబ్బా?"

"చిన్నస్వామి."

"నాదీ వాడే చేసినాడు," అన్నాడు పుల్లయ్య పళ్లు కొరుకుతూ. "నాకు మాత్రం పల్చటి పైపు ఏసినాడు."

జయచంద్ర ఇంట్లో హనుమప్ప తంబూర మోగింది, గురువు తాళాలు పట్టుకున్నాడు. ప్లాస్టిక్ మీద ప్రసంగానికి మాత్రం ఆ రోజు సమయం చాలలేదు.