పెరట్లో పాస్టరు గారి చెట్టు

ఆ శనివారం పొద్దున సైలస్ ట్రెగేర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగి, తన మందుల కొట్టు తెరిచేలోపు పెరటి కంచె దగ్గరి గుండ్రాకుల పొదకు పూలు పూశాయేమో చూడాలి. నాలుగు కోసి, కాగితాల మధ్య అదిమి, లండన్ ఓడకు అందించాలి. సైలస్ పంపిన ఆకులు చూసి, ఆ పొద కొత్త జాతి యూకలిప్టస్ అని లండన్‌లోని వృక్షశాస్త్ర పండితుడు విట్లాక్ తేల్చి, దానికి ట్రెగేర్ పేరే పెట్టి అచ్చు కూడా వేయించాడు. పూలు పంపమని అడిగాడు. ఉత్తరం రావడానికి రెండున్నర నెలలు, జవాబు పోవడానికి మరో రెండున్నర.

ఈ పేరు కోసం సైలస్ పడ్డ కడుపుమంట అంతా ఇంతా కాదు. అదే పెరట్లో ఆకాశమంత యూకలిప్టస్ ఉంది. ఆ చుట్టుపక్కల అలాంటివి మిగతావన్నీ బంగారు గనుల్లో దుంగలుగా ఎప్పుడో పోయాయి. రెండేళ్ళ కిందట టీకి వచ్చిన పాస్టరు ప్యాస్కో, సైలస్ కుర్చీయే ఎక్కి, పూలకొమ్మ విరిచి లండన్‌కు పంపాడు. దానికి ప్యాస్కో పేరు ఖాయమైందని కబురొచ్చింది. నాటినుంచి సొంత చెట్టు నీడన కూర్చున్నా సైలస్‌కు పాస్టరు ఒళ్ళో కూర్చున్నట్టే ఉండేది.

బట్టలారేస్తున్న హొనోరా, పొదలో తల దూర్చిన మొగుణ్ణి చూసి నవ్వింది.

"దానికి పూలెక్కడివండీ? అది పొద కాదు, మన చెట్టుకొచ్చిన పిలక."

"చెట్టు ఆకులు కొడవళ్ళలా ఉంటాయే! ఇవి గుండ్రంగా ఉన్నాయి."

"చిన్నప్పుడు గుండ్రం, పెద్దయ్యాక పొడుగు. చెట్టు నడిమి కొమ్మకు రెండూ ఉన్నాయి, చూడండి. పదేళ్ళుగా దీని కిందే బట్టలారేస్తున్నాను. నన్నెవరడిగారు?"

సైలస్ తలెత్తి చూశాడు. ఆ కొమ్మకు నిజంగానే రెండు రకాల ఆకులూ ఉన్నాయి. ఒకే చెట్టుకు రెండు పేర్లు పడితే ముందు అచ్చయిన పేరే నిలుస్తుంది. ప్యాస్కో పేరు రెండేళ్ళ నాటిది. పైగా పాస్టరు సాయంత్రం నాలుగింటికి భూతద్దంతో సహా టీకి వస్తున్నాడు. ఆ కొమ్మ ఆయన కంటపడితే ట్రెగేర్ పేరు పోయినట్టే.

లండన్‌కు నిజం రాసేయమంది హొనోరా. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకండీ?" అంది. ఆయన అప్పటికే గొడ్డలి వెతుకుతున్నాడు.

పనిలేని గనివాళ్ళు నలుగురు దొరికారు. చెట్టు అటు పడుతుందనుకుంటే ఇటు పడి, బట్టల తాడునూ బట్టలనూ కోళ్ళగూటినీ అణిచేసింది. కొమ్మలకు నిప్పంటిస్తే నూనె ఆకులు భగ్గుమన్నాయి. పొగ చూసి ఎవరో చర్చి గంట కొట్టారు. ఊరంతా బకెట్లతో పరుగెత్తుకొచ్చి, మంట మీద కొంత, ఇంట్లో ఎక్కువ నీళ్ళు పోసింది. నాలుగింటికి మిగిలింది బూడిద, మొద్దు, దాని పక్కన క్షేమంగా గుండ్రాకుల పిలక.

పాస్టరు వచ్చి మొద్దు వైపు చాలాసేపు చూశాడు. చెట్టుకు పురుగు పట్టిందని సైలస్ నీళ్ళు నములుతూ చెప్పాడు. పాస్టరు కేకు అడిగి తిన్నాడు. ఇంకో ముక్క తిన్నాడు. అప్పుడు జేబులోంచి పొద్దుటి టపాలో వచ్చిన విట్లాక్ ఉత్తరం తీశాడు. సైలస్‌కు వచ్చిన ఉత్తరం ఇంకా తపాలా కచేరీలోనే ఉంది.

ప్యాస్కో పేరున్న పుస్తకం అచ్చాఫీసులో ఆగిపోయిందట. ట్రెగేర్ పేరే ముందు అచ్చయిందట. రెండూ ఒకే చెట్టని విట్లాక్‌కు అనుమానమట. రెండు రకాల ఆకులూ ఉన్న కొమ్మ ఒక్కటి పంపితే ప్యాస్కో పేరు కొట్టేసి, చెట్టు మొత్తం ట్రెగేర్‌కే రాస్తాడట. ఈ సంగతే ట్రెగేర్‌కూ రాశాడట.

"ఆ కొమ్మ కోసం మీ చెట్టెక్కి చూడాలా వద్దా అని పొద్దుటినుంచి నా మనస్సాక్షి నన్ను చంపుతోంది ట్రెగేర్ గారూ," అన్నాడు పాస్టరు తడి కళ్ళతో. "మీ ఉత్తరం చదివాక కూడా, నా పేరు నిలపడం కోసం చెట్టునే కొట్టించేంత పెద్ద మనసు చేసుకుంటారని కలలో కూడా అనుకోలేదు." ఆ సంతోషంలో మూడో ముక్క కూడా తిన్నాడు.

ఆయన బండి మలుపు తిరిగాక, ఆ పిలకకు పొడుగాకులు ఎప్పుడొస్తాయని సైలస్ నీరసంగా అడిగాడు.

"అయిదారేళ్ళు పడుతుంది," అంది హొనోరా, మసిపట్టిన దుప్పట్లు మళ్ళీ ఉతుకుతూ. "బకెట్ అక్కడుంది."

అప్పటినుంచి ఆ ఊళ్ళో ఎవరికి జ్వరమొచ్చినా, పొదకు నీళ్ళు పోయడం అయ్యాకే మందు దొరుకుతోంది.