దేముడుబాబు కంప్యూటర్ వద్దంది

ఆ ఆదివారం దేముడుబాబు ప్లాను చిన్నదే. ఇడ్లీ తినడం, చిలకలగూడలో తమ కాలనీ హాలుకు వెళ్లడం, చదరంగం ఫైనల్లో దయాకర్‌ను ఓడించడం. మొదటి రెండూ ఏటా చేస్తూనే ఉన్నాడు. మూడోదే మూడేళ్లుగా కుదరలేదు. ఆట రాక కాదు, తొందర. అతనికి చెయ్యి ముందు, బుర్ర తరవాత.

ఊరంతా సాఫ్ట్‌వేర్ అంటుంటే మనమెందుకు వెనకబడాలని, ఈసారి కమిటీ కంప్యూటర్ సాయానికి ఒప్పుకుంది. దయాకర్ ఆఫీసు ల్యాప్‌టాప్‌తో దిగాడు. దేముడుబాబుది ఇంట్లోంచి కదలని డబ్బా కనుక, హాల్లో ఫోన్ నుంచి భార్య లోవలక్ష్మిని మూడుసార్లు అడగొచ్చన్నారు. పావులెక్కడున్నాయో చెబితే కంప్యూటర్లో పెట్టడం ఆమెకు వారం రోజులు నేర్పాడు.

"ఈపాలి ఓడితే బోర్డు అటకెక్కించేస్తాను లోవా. మరి ఆదివారాలన్నీ ఇంట్లోనే."

లోవలక్ష్మి గుండె గుభేలుమంది. ఉన్న కాసేపట్లోనే ఆయన పోపు ఎలా వెయ్యాలో చెబుతాడు.

పదకొండింటికి మొదటి ఫోన్. "గుర్రంతో బంటుని కొట్టేత్తాను. కంప్యూటర్ ఏటంటంది?"

అవతల్నించి లోవలక్ష్మి చెప్పింది: "వొద్దంటందండీ. ఇంకోపాలి సూడమంటంది."

చూశాడు. ఆ బంటు ఎర! కొడితే ఏనుగు పోయేది.

"గది గెట్ల కనిపెట్టింది?" దయాకర్ నోరు తెరిచాడు. "ఏం కంప్యూటర్ అన్నా అది?"

రెండోసారి మంత్రులను మార్చుకుందామంటే అదీ వద్దంది. మళ్లీ చూస్తే అంతకంటే మంచి ఎత్తు దొరికింది. మూడోసారీ అంతే. దయాకర్ తన ల్యాప్‌టాప్‌ను అనుమానంగా చూశాడు. "దాని ముంగట నాది ఉత్త డబ్బా," అని టపీమని మూసేసి, సొంతంగా ఓ ఎత్తు వేశాడు. మంత్రి పోయింది. ఆరెత్తుల్లో ఆట కట్టు.

ఆ అద్భుతాన్ని చూడాలని కమిటీ కార్యదర్శి సోమయ్య, దయాకర్, కప్పుతో సహా దేముడుబాబు వెంట అతని ఇంటికి చేరారు.

"వదినా, కంప్యూటర్ జెర చూపియ్యి," అన్నాడు దయాకర్.

లోవలక్ష్మి కంప్యూటర్‌కు అడ్డంగా నిలబడింది. "మీరటు ఎల్లగానే టప్పుమని ఆగిపోయిందండీ. మరి ఎలగలేదు."

దేముడుబాబు కుర్చీలో కూలబడ్డాడు. "మరి వొద్దన్నదెవరు?"

"నేనే. ముందొకటనేసి, తరవాత నాలిక్కరుసుకోడం పదకొండేళ్లుగా సూత్తన్నాను కదా."

"అరె, నా కంప్యూటర్ మాటింటే గెలుస్తుంటి గదా!" అని దయాకర్ తల పట్టుకున్నాడు.

దేముడుబాబు సిగ్గుపడుతూ కప్పు దయాకర్‌కు ఇవ్వబోయాడు. సోమయ్య ఆపాడు. "ఆమె ఎత్తు సుత చెప్పలే, ఉత్తగ వద్దన్నది. కప్పు నీదే."

లోవలక్ష్మి బోర్డును తనే తుడిచి బల్ల మీద పెట్టింది. ఆదివారాలు దక్కినందుకు ఆమెకు పట్టరాని సంతోషంగా ఉంది.

మరుసటి ఏడు కమిటీ నోటీసులో కొత్త నిబంధన వచ్చింది: కంప్యూటర్లు ఎన్నైనా తెచ్చుకోవచ్చు, భార్యలకు ఫోన్ చెయ్యడం నిషేధం.