పదిహేడు-సి సీటు చార్జి

హైదరాబాదు నుంచి విశాఖపట్నం వెళ్లే ఆ విమానం తోక, వైరింగులో వచ్చిన చిన్న లోపం వల్ల, పదిహేడు-సి సీటు చేతికి ఉన్న లైటు స్విచ్చి మాట వినడం మొదలుపెట్టింది. స్విచ్చి నొక్కి పట్టుకుంటే విమానం తిన్నగా పోతుంది. వదిలితే ఎడమకు ఒరుగుతుంది. ఆ సంగతి గుమ్మడి పైడిరాజు వల్ల బయటపడింది. భార్య కనకం ప్రసవానికి విశాఖ వెళ్తూ, పేపరు చదువుకుందామని లైటు వేశాడు పాపం. అప్పటిదాకా ఒరిగిపోతున్న విమానం సర్దుకుంది.

"పదిహేడు-సిలో ఉన్న పెద్దమనిషి దయచేసి వేలు తీయొద్దు. మిగతావారు భోజనాలు కానివ్వండి" అని కెప్టెన్ రుద్రరాజు మైకులో మర్యాదగా చెప్పాడు. భోజనాలు అయ్యాయి. చట్నీ తక్కువైందని ఒకాయన గొడవ కూడా పెట్టుకున్నాడు.

విశాఖలో ఇంజనీరు టార్చి వేసి చూసి, లోపం నిజమేనన్నాడు. కొత్త వైరు వేయాలంటే విమానాన్ని ఆపాలి. "ఈయనున్నాడు కదండీ, ఆపడం దేనికి?" అన్నాడు. కంపెనీ పైడిరాజు కుడిచేతి బొటనవేలిని తాత్కాలికంగా నియమించింది. ఎడమ చెయ్యి వాడాలంటే సవరణ ఉత్తర్వు రావాలి. ఇక ఆఫీసుల్లో ఉండే పద్ధతే ఇక్కడా పెట్టారు. చార్జి తీసుకునే మనిషి వచ్చేదాకా ఉన్న మనిషి కదలకూడదు. స్విచ్చి మీద ఎవరి వేలు పడితే వారు చార్జి తీసుకున్నట్టే.

ఎవరైనా చార్జి తీసుకుంటారా అని ఎయిర్ హోస్టెస్ ప్రిసిల్లా ప్రతి ట్రిప్పులోనూ ప్రయాణికులను అడిగేది. సరిగ్గా అప్పుడే అందరికీ నిద్ర ముంచుకొచ్చేది. వాళ్లను అని లాభం లేదు, ఎవరి ఇల్లు వారికుంది.

కనకం మగపిల్లాణ్ణి కన్న కబురు పైడిరాజుకు రాజమండ్రి మీద ఉండగా కంట్రోల్ టవరు ద్వారా అందింది. ఖాళీగా ఉన్న ఎడమ చేత్తో కళ్లు తుడుచుకుంటూ చాలాసేపు ఏడ్చాడు. పిల్లాణ్ణి ఒక్కసారి చూడాలని, దగ్గర కూర్చుని వాడి పేరు తనే రాయాలని ఉందని కనపడ్డవాళ్లందరికీ చెప్పాడు.

ఇరవై ఒకటో రోజు బారసాల. పళ్లెంలో బియ్యం పోసి తండ్రి పేరు రాయాలి. నేల మీద ఉన్నంతసేపూ క్లీనింగువాళ్లు తిరుగుతుంటారు కాబట్టి ముహూర్తం గాల్లోనే పెట్టారు. కనకం తల్లిని తీసుకుని, పిల్లాణ్ణి ఎత్తుకుని విమానమెక్కింది. కంపెనీ బియ్యానికి అనుమతి ఇచ్చింది, కొబ్బరికాయకు ఇవ్వలేదు.

"రాయి మరి బావా" అంది కనకం, పక్క సీట్లో కూర్చుని.

"ఎలాగే? సెయ్యి తీత్తే ఇమానం ఒరిగిపోద్ది."

"ఎడం సేత్తో రాత్తారేటి బాబూ, పిల్లోడి పేరు!" అంది అత్తగారు. స్విచ్చి తను పట్టుకుంటానని మాత్రం అనలేదు.

పైడిరాజు కొడుకు మొహం చూశాడు. ఉండబట్టలేక వేలు తీసేశాడు. విమానం ఒరిగింది, టీ కప్పులు జారాయి, కనకం ఒళ్లో పిల్లాడు పక్కకు దొర్లాడు. వాడి పిడికిలి వెళ్లి స్విచ్చి మీద పడింది. విమానం తిన్నగా అయింది.

"ఎవరండీ అది? ఇంత తిన్నగా ఎప్పుడూ పోలేదు" అని రుద్రరాజు మెచ్చుకున్నాడు. ప్రిసిల్లా నియామకపు కాగితం తెచ్చి పేరు అడిగింది. పైడిరాజు అప్పుడే బియ్యంలో మోక్షిత్ అని రాయడం పూర్తిచేశాడు. ఆమె అది చూసి కాగితంలో ఎక్కించుకుంది.

"నెల తిరక్కుండానే ఉజ్జోగం! మా అన్న కొడుక్కి ముప్పయ్యేళ్లొచ్చినా లేదు" అని అత్తగారు చుట్టుపక్కల సీట్లకు పంచదార పంచింది. విశాఖలో ఇంజనీరు లెక్కవేసి, పిల్లాడికి అరవై ఏళ్ల సర్వీసు ఉంది కనుక వైరు ఆర్డరు రద్దు చేయించాడు. పాలు పట్టడానికి కనకానికి పక్క సీటు ఉచితంగా ఇచ్చారు.

"నువ్వు పద బావా. ఆడు నిద్రోతన్నాడు, నెమ్మదిగా దిగు" అంది.

పైడిరాజు మెట్లు దిగాడు. రెండు చేతులూ ఖాళీ అయినందుకు ముందు సంతోషం కలిగింది. ఆ సంతోషానికి సిగ్గుపడ్డాడు. తర్వాత బయటికి వచ్చి, ఇంటికి ఆటో మాట్లాడుకున్నాడు.