ప్యారిస్‌లో మంత్రిగారి నదీతీర భోజనం

"విదేశీ నగరాల్లో ప్రజలు నది ఒడ్డున ఎలా కూర్చుని, ఏం తిని, ఎప్పుడు లేస్తారో కూలంకషంగా అధ్యయనం చేయడానికి పర్యాటక శాఖామాత్యులు శ్రీ కోదండపాణి గారు పదకొండు మంది ఎమ్మెల్యేలతో ప్యారిస్ వెళ్తున్నారు."

2008 వేసవిలో వచ్చిన ఈ వార్తని నేను టెక్సాస్‌లో, ఫ్రిస్కోలోని మా ఇంట్లో కూర్చుని నెట్‌లో చదివి పులకించిపోయాను. మన నదులకి మంచిరోజులొచ్చాయి. ఒడ్డున ఉన్న బజ్జీల బళ్ళన్నీ ఎత్తించేసి, తెల్లగుడ్డ పరిచిన బల్లలు వేయిస్తారట. బజ్జీ అదే, బల్ల వేరు. అభివృద్ధంటే అదీ!

మర్నాడు మంత్రిగారి పీఏ జగదీష్ ఫోన్ చేశాడు.

"అన్నా, మీ ఇంటికి ప్యారిస్ ఎంత దూరం?"

"ఏ ప్యారిస్?"

"మీ టెక్సాస్‌లో ఒకటుందటగా."

"ఉంది. గంటన్నర పైన డ్రైవ్."

"హమ్మయ్య! యూరప్ వీసాలు టైమ్‌కి రాలేదన్నా. అమెరికా వీసాలైతే అందరికీ పదేళ్ళవి కొట్టున్నాయి. పేపర్లో ప్యారిస్ అన్నాం గానీ, ఏ దేశమో అనలేదుగా."

ఇంత మాట తూచి మాట్లాడే ప్రభుత్వం దొరకడం మన పూర్వజన్మ సుకృతం. నేను ఇక్కడి తెలుగు సంఘానికి జాయింట్ సెక్రటరీని. వెంటనే పదిహేను సీట్ల వ్యాన్ బుక్ చేసి, డ్రైవింగ్ కూడా నేనే చేస్తానన్నాను.

అధ్యయనానికి ఇంత తొందరెందుకో జగదీషే చెప్పాడు. వచ్చే సోమవారం ముఖ్యమంత్రిగారింట్లో మీటింగ్. తన వెనక పదకొండు మంది ఎమ్మెల్యేలున్నారని అక్కడ చూపిస్తే కోదండపాణి గారు ఉపముఖ్యమంత్రి. చూపించలేకపోతే ఉన్న పర్యాటక శాఖ కూడా ఊడుతుంది. కాబట్టి అప్పటిదాకా ఆ పదకొండు మందినీ ఎవరూ వచ్చి పలకరించని చోట ఉంచి, విమానం దిగగానే నేరుగా మీటింగ్‌కి తోలుకుపోవాలి. పరీక్షల ముందు పిల్లల్ని హాస్టల్లో పడేస్తాం చూడండి, అలాగన్నమాట.

మంగళవారం అందరూ దిగారు. బుధవారం పొద్దున మా ఆవిడ ఉమ అరవై ఇడ్లీలు వేసింది. తొమ్మిది మందే కూర్చున్నారు.

"ఇద్దరు తగ్గారేంటండీ?" అంది ఉమ.

"ఐసెలిన్ వెళ్ళారమ్మా, న్యూజెర్సీ," అన్నారు మంత్రిగారు చట్నీ వేసుకుంటూ. "ఓక్ ట్రీ రోడ్డులో నగల షాపులు బాగుంటాయట. దారిలో నది ఏదైనా తగిలితే చూసి రమ్మన్నాను."

ఏం దూరదృష్టి! షాపింగ్‌కి వెళ్ళేవాడిక్కూడా శాఖాపరమైన పని అప్పగించే మంత్రిని నేనింతవరకు చూడలేదు.

గురువారం పొద్దునకి ఆరుగురే మిగిలారు. తక్కిన ముగ్గురు తోడల్లుడి గృహప్రవేశమని వర్జీనియాలో షాంటిలీకి వెళ్ళారట. ఉమ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ముగ్గురికీ కలిపి ఒకడే తోడల్లుడా?"

"ప్రజాప్రతినిధుల చుట్టరికాల గురించి అలా మాట్లాడకూడదు," అని మందలించాను.

"మాట్లాడను లెండి. మరి ఈ ఇడ్లీలన్నీ ఎవరికి పెట్టను, నా మొహానికా?"

శుక్రవారం పొద్దున ఆ ఇడ్లీలన్నీ చిదిమి ఉప్మా చేసింది. అది చూడగానే మరో ముగ్గురికి ఒంట్లో బాగోలేదు. డాక్టర్‌కి చూపించుకుంటామని బ్యాగులతో సహా టాక్సీ ఎక్కేశారు. మంత్రిగారు గుమ్మంలో నిలబడి, జాగ్రత్తగా మందులు వాడమని చెప్పి పంపారు.

ఆ రోజే ప్యారిస్ ప్రయాణం. వ్యాన్ కదిలాక మంత్రిగారు వెనక్కి తిరిగి చూశారు. పదిహేను సీట్లలో ముగ్గురు ఎమ్మెల్యేలు, ఒక జగదీష్.

"మరీ పల్చగా ఉన్నామేమోనయ్యా," అన్నారు.

"గాలాడుతోంది సార్," అన్నాడు జగదీష్.

ప్యారిస్‌లో ఐఫిల్ టవర్ ఉంది. ఇనుముతో కట్టిందే, కాస్త పొట్టి. నెత్తిన మాత్రం ఎర్రటి కౌబాయ్ టోపీ ఉంటుంది. మంత్రిగారు తలెత్తి చాలాసేపు చూశారు.

"దీనికి టోపీ ఎవరు పెట్టారయ్యా?"

"ఊళ్ళోవాళ్ళే సార్."

"ఎక్కడైనా అంతే. సొంతవాళ్ళే పెడతారు," అన్నారు వేదాంతిలా.

ఫొటోలో టోపీ కనపడకుండా జగదీష్ టవర్‌ని సగానికి కోసి తీశాడు. ఆ ఫొటో తీస్తుండగానే ముగ్గురు ఎమ్మెల్యేలూ నీళ్ళ బాటిల్స్ కొంటామని రోడ్డు దాటారు. అవతల ఒక నల్లకారు ఆగి ఉంది. ముగ్గురూ అందులో ఎక్కి కూర్చున్నారు. అంతలో జగదీష్ ఫోన్ మోగింది. విని, తల గోక్కున్నాడు.

"సార్, మనవాళ్ళు ఎనిమిది మందీ బఫెలోలో ఉన్నారట."

"గేదెతో వాళ్ళకేం పనయ్యా?"

"ఊరి పేరు సార్. నయాగరా పక్కన. నీటిపారుదల మంత్రిగారు జలపాతాల అధ్యయనానికి వచ్చారట. వీళ్ళంతా ఆయన బృందంలో చేరిపోయారు. ఆ కారు కూడా ఆయన పంపిందే."

కోదండపాణి గారు అక్కడున్న బెంచీ మీద కూలబడ్డారు. పాతికేళ్ళు జెండాలు కట్టి, జేజేలు కొట్టి పైకొచ్చిన మనిషి. నిజం చెప్పొద్దూ, నాకు చాలా జాలేసింది.

"నయాగరా బాగా పెద్దదా?" అని అడిగారు.

"పెద్దదే సార్."

"నేనూ మొదటే జలపాతం అని ఉండాల్సింది."

జగదీష్‌కి పౌరుషం వచ్చింది. "నేను వెళ్ళి అందర్నీ వెనక్కి తీసుకొస్తాను సార్, మీరు నిశ్చింతగా ఉండండి," అని అదే కారెక్కాడు. వ్యాన్‌లోంచి తన సూట్‌కేస్ కూడా దింపుకున్నాడు. మనుషుల్ని వెనక్కి తేవడానికి సూట్‌కేస్ ఎందుకో నేను అడగలేదు.

కారు వెళ్ళిపోయింది. మంత్రిగారు లేచి కండువా దులుపుకున్నారు.

"నది ఎక్కడయ్యా?"

"ఇక్కడ లేదు సార్. అరగంట వెళ్తే రెడ్ రివర్ వస్తుంది."

"పద. అధ్యయనం ఆగడానికి వీల్లేదు."

రెడ్ రివర్ వరద గోదారంత ఎర్రగా ఉంది. ఒడ్డున ఒక చిన్న రెస్టారెంట్, బయట చెక్కలతో వేసిన అరుగు మీద బల్లలు. క్యాట్‌ఫిష్ వేపుడు వాసన గుప్పుమంటోంది. గుమ్మం దగ్గర ఒక అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చింది.

"హౌ మెనీ ఇన్ యువర్ పార్టీ, సర్?"

మంత్రిగారు గబుక్కున నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగారు.

"పార్టీలో ఎంతమంది ఉన్నారని అడుగుతోంది! ఈ పిల్లకెవరు చెప్పారయ్యా?"

భోజనానికి ఎంతమంది వచ్చారని అడగడానికి ఇక్కడ అలాగే అంటారు. ఆ సంగతి నేను చెప్పేలోపే ఆయన కండువా సర్దుకుని, విలేకరుల ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు.

"ఎలెవెన్," అన్నారు గట్టిగా. "ప్లస్ మీ."

నన్ను లెక్కలో వేసుకోలేదు. నాకక్కడ ఓటు లేదు కదా.

ఆ అమ్మాయి సంతోషంగా లోపలికి కేకేసింది. ఇద్దరొచ్చి నది పక్కనే మూడు బల్లలు జరిపి కలిపారు. పన్నెండు కుర్చీలు, పన్నెండు మెనూలు, పన్నెండు గ్లాసుల ఐసు నీళ్ళు పెట్టారు. కోదండపాణి గారు మధ్య కుర్చీలో కూర్చున్నారు. నేను కెమెరా పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. ఎంత వెనక్కి జరిగినా కుర్చీలన్నీ ఫొటోలో పట్టలేదు.

ఐసు కరిగిపోయింది. ఆ అమ్మాయి ఆర్డర్ రాసుకునే పుస్తకం పట్టుకుని మళ్ళీ వచ్చి, అటూ ఇటూ చూసి ఏదో అంది.

"ఏమంటోందయ్యా?" అన్నారు మంత్రిగారు.

"మిగతావాళ్ళంతా ఎక్కడున్నారని అడుగుతోంది సార్."

కోదండపాణి గారు రెండు చేతులూ చెరో పక్క ఖాళీ కుర్చీ మీద వేశారు.

"అందరూ నాతోనే ఉన్నారని చెప్పు."