వంకర తుపాకి, ఒక్క మక్కగింజ

అప్పట్లో నాకు అన్నింటికంటే ఎక్కువ భయం ఏమిటంటే, ఎక్కడో పేలిన తుపాకి గుండు దారి తప్పి వచ్చి, చీర తొట్టెలలో నిద్రపోతున్న నా ఎనిమిది నెలల కొడుకుకు తగులుతుందేమోనని. పాము, తేలు, జ్వరం, గొంతులో పల్లిగింజ పడటం, ఇవన్నీ దాని తర్వాతే. ఈ మాట ముందే చెప్పేస్తే గుండె కాస్త నిమ్మళమై కథ చెప్పడానికి నోరు లేస్తుంది.

ఇక వినండి!

సకలజనులు సమ్మె కట్టి, బడుల తలుపులకు తాళాలను, బస్సుల చక్రాలకు విశ్రాంతిని, కచేరీల కుర్చీలకు ధూళిని ప్రసాదించిన ఆ రెండువేల పదకొండవ సంవత్సరపు శరదృతువున, జై తెలంగాణ నినాదభీషణఘోషకు దశదిశలు దద్దరిల్లుచుండగా, బచ్చన్నపేటకు మూడు మైళ్ల దూరాన, చెరువు నీరందని ఎర్రదుబ్బల నడుమ, పదహారు గడపల మా లంబాడీ తండాకు పడమరన, కోత ముగిసి కొయ్యకాళ్లు మాత్రమే మిగిలిన రెండెకరాల మక్కజొన్న చేనిలో, పద్దెనిమిది అక్షౌహిణులు కూడా సిగ్గుపడే సంగ్రామం ఒకటి జరిగింది. దానిని ఏ దస్తావేజులోనూ రాయలేదు. రాసేవాళ్లందరూ సమ్మెలో ఉన్నారు.

ఆ చేను నడుమ మేము ఒలిచి ఎండబోసిన మక్కలు కనకరాశివలె ధగధగలాడుతున్నాయి. మార్కెట్ మూసి ఉంది, లారీలు కదలవు, ఇంట్లో పోస్తే బూజు పడుతుంది. మా ఇల్లు ఏడాదంతా తినే గట్క, వచ్చే కారు పంటకు విత్తనం, నా కొడుకు చలికాలపు స్వెట్టరు, అన్నీ ఆ రాశిలోనే ఉన్నాయి. ఈ రహస్యం మాకు తెలిసిన మరునాడే పక్షులకూ తెలిసింది.

పాత గడీ బురుజు కన్నాలలోనుండి ధూమ్రవర్ణకంచుకధారులైన కపోతములు గుంపులు గుంపులుగా, నీలగిరి తోపులనుండి కజ్జలకాళికాకళేబరులైన వాయసములు దండులు దండులుగా, మక్కధాన్యలుంఠనలంపటులై, ఉదరైకధ్యేయులై, ఉదయసంధ్య మొదలు సాయంసంధ్య వరకు ఆ రాశిపై విరుచుకుపడేవి. పావురాలు గింజలు మింగేవి. కాకులు మింగినంత మింగి, మిగిలినవి కాళ్లతో చిమ్మేవి. వాటన్నిటికీ నాయకుడు ఒక కుంటికాకి: ఏకపాదతాండవపండితుడు, తస్కరశిఖామణి, నా కొడుకు పిడికిట్లోని రొట్టెతునకను రెండుసార్లు ఎత్తుకుపోయిన బాలద్రోహి!

ఆ ఖగసైన్యాన్ని ఒంటిచేత్తో ఎదిరించిన వీరనారి మా అత్త తుల్సీబాయి. మోచేతులు దాటిన గాజులే కవచముగా, పగిలిన నూనెడబ్బాయే భేరిగా, ఒడినిండా రాళ్లే అక్షయతూణీరముగా, వారం దినాలు ఆమె పోరింది. మా ఆయన ప్రేమ్‌చంద్ మామతో కలిసి దీక్షా శిబిరంలో కూర్చోవడానికి పొద్దున్నే పోయి మాపటికి వచ్చేవాడు. కనుక అతడి పాత అంగీ తొడిగి, తలకు నల్లకుండ బోర్లించి, ఒక బెదురుబొమ్మను అతడి స్థానంలో నిలబెట్టాము. ఆ కుండతలపైనే కుంటికాకి సింహాసనం వేసుకుంది. రాయి విసిరితే ఎగిరేది. రాయి నేలపడక ముందే తిరిగి కూర్చునేది.

అట్టి విపత్సమయమున మా తండా బడి అరుగుమీద ఒక మహాయోధుడు చాప పరచుకొని ఉన్నాడు. ఘనపూర్ వాసి, బుగ్గల మాజిద్. చెక్కపలక మీద గాలి ఊదిన రబ్బరు బుగ్గలను వరుసలుగా కట్టి, ఛర్రాలనే చిన్న సీసపుగుండ్లు పేల్చే గాలితుపాకిని జనం చేతికిచ్చి, పేల్చినవారికి అద్దాలో దువ్వెనలో బహుమానమిస్తూ, కురవి మొదలు మేడారం దాకా జాతరలన్నీ తిరిగే మనిషి. ఏదో దర్గా ఉర్సుకు పోయి వస్తుంటే బస్సులు నిలిచిపోయి, పలక, తుపాకి, మూటెడు బుగ్గలతో మా దగ్గర చిక్కుకున్నాడు. తండావాళ్లు వంతులవారీగా రొట్టెలు పెడుతున్నారు. ఎక్కువ వంతులు మా అత్తవే.

ఎనిమిదవనాటి ఉదయాన అత్త ఆయన ఎదుట నిలిచింది.

“మాజిదన్నా, నీ తుపాకి ఒకపారి ఇయ్యి. గీ కాకులు నా పానం తింటున్నయ్.”

“అరె బెహన్, గది జాతర తుపాకి. బుగ్గల మీదికే లేస్తది గని కాకుల మీదికి లేవది.”

“తుపాకికి గంత తెలివుంటదా? నా రొట్టెల మీదికి మాత్రం నీ చెయ్యి మంచిగనే లేస్తది గద!”

రొట్టె పేరెత్తిన తర్వాత ఏ యోధుడు మాత్రం కాదనగలడు? తుపాకి చేనికి వచ్చింది. దాని వెనుక మాజిద్ చాచా వచ్చాడు, తల వంచుకొని, వధ్యశిలకు నడిచేవాడిలాగా. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

“అత్తా, వద్దు. పోరడు వేపచెట్టుకింద పండుకున్నడు,” అన్నాను.

ఇల్లు మైలు దూరం. బిడ్డను వదిలి రావడానికి మనిషి లేదు. మక్కలు తిరగేసేది నేనే.

“గా చెట్టేడ, గా కాకేడ! నేనేమన్న గుడ్డిదాన్నా?”

ఆ మాట అని అత్త చప్పున ఆగిపోయింది. అందుకు కారణముంది. ఇరవై ఏళ్ల కిందట కురవి జాతరలో, ఇదే బుగ్గల పలక ముందు నిలబడి, అద్దం మీద ఆశతో పన్నెండు ఛర్రాలు పేల్చి, ఒక్క బుగ్గకూ తగిలించలేకపోయింది మా అత్త. ఆనాటినుండి మా మామ బాల్‌సింగ్ నోట ఆమె పేరు గుడ్డి తుల్సి. తండా అంతా అదే పేరు.

ఇప్పుడు ఆ తుపాకినే భుజానికానించి, ఎడమకన్ను మూసి, కుండతలపై ఆసీనుడైన కాకరాజును ఉద్దేశించి ఆమె సింహగర్జన చేసింది:

“ఓరి కుంటోడా! నా మక్కలు బుక్కి నా కొడుకు అంగి మీదనే రెట్టేస్తవురా? ఇయ్యాల నీ ఈకలతోని నా మనుమనికి దిండు కుట్టకుంటే నేను బాల్‌సింగ్ పెండ్లాన్నే కాదు!”

దానికి కాకి ‘కా’ అంది. ఆ ఏకాక్షరపు తాత్పర్యమిది: “ఓసి ధాన్యగర్వాంధురాలా! మా తాతముత్తాతలు ఈ నేలపై పెసలు తిన్న నాడు నీ తండాయే లేదు. రాష్ట్రం ఎవరిదైనా రాశి మాది. పేల్చు!”

పేల్చింది.

అంతట ఆ సీసపుగుండు, నాళికాగర్భమునుండి నిష్క్రమించి, సూటిగా పోవలసినదై కూడా సూటిగా పోక, కాకిని కనీసం పలకరించక, అడుగడుగుకూ ఎడమకు ఒరుగుతూ, కొయ్యకాళ్లను దాటి, గట్టును దాటి, గడ్డివామును దాటి, వేపచెట్టు మొదట్లో పెట్టిన నా సద్దిటిఫిను మీద ‘ఠంగ్’ మని తగిలింది. తొట్టెల దానికి రెండు మూరల దూరంలో ఉంది.

నేను ఎట్లా పరుగెత్తానో నాకు తెలియదు. బిడ్డను ఎత్తుకొని నెత్తినుండి కాలిగోరుదాకా తడిమాను. వాడు కన్ను కూడా తెరవలేదు. వాడి బదులు నేనే ఏడ్చాను.

“పానం పోయినంత పనాయె! కాకి కుడిదిక్కుంటే ఎడమదిక్కు చెట్టుకు కొడతవా అత్తా?”

అత్త తుపాకిని నేలమీద పడేసింది. గాజులన్నీ గలగలలాడాయి. “నిజమే బిడ్డా. నేను గుడ్డిదాన్నే. గా ముసలోడన్నది నిజమే.”

అప్పుడు మాజిద్ చాచా రెండు చేతులూ చాచి మా మధ్యకు వచ్చాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది.

“లేదు బెహన్. నీ కండ్ల తప్పు లేదు. తుపాకే వంకర.”

“ఏందీ?”

“మా అబ్బాజాన్ వంచిండు. జర్రంత. కంటికి కానరాదు. ఎవలు కొట్టినా ఛర్రా ఎడమకు పోతది. అందరు మంచిగ కొడితే బుగ్గలు మిగలవు, అద్దాలు మిగలవు, మా పొయ్యి మీద కుండ మిగలది. నేను కొడితే మాత్రం తగుల్తది. ఎంత పక్కకు పట్టాల్నో నాకెరుక గద.”

మూడు జిల్లాల జాతరలను ఇరవై ఏళ్లు ఏలిన రహస్యం మా మక్కచేనిలో ఇట్లా నేలరాలింది. పావురాలు కూడా తినడం ఆపి విన్నాయని నా నమ్మకం.

అత్త తండాదాకా వినపడేట్టు అంది:

“ఇరవై ఏండ్లు! సూదిల దారం ఎక్కియ్యబోతే గా ముసలోడు గుంజుకునేటోడు! కంటి దవాఖానకు గూడ పోయిన గదయ్యా! డాక్టరు కండ్లు మంచిగున్నయంటే, గా డాక్టరుకే తెల్వదని తిట్టొచ్చిన!”

“మాఫ్ చెయ్యి బెహన్.”

“నీ మాఫ్ నీ దగ్గరే పెట్టుకో. ముందుగాల గా ముసలోనికి చెప్పు!”

చాచా నావైపు తిరిగాడు. “బేటీ, నేను కొడత. నాకు లెక్కెరుక. పోరనికి ఏం గాదు.”

“వద్దు చాచా. వంకరది వంకరనే. నా కొడుకు ఉన్న చేన్ల అది మళ్ల లేవద్దు,” అన్నాను.

ఆయన తొట్టెల వైపు చాలాసేపు చూశాడు. ఆ తర్వాత తుపాకిని భుజాన వేసుకొని, ఎర్రటెండలో, విశ్వకర్మ వంశోద్ధారకుడైన కమ్మరి సోమయ్య కొలిమివైపు నడిచాడు.

పొద్దు వాలుతుండగా తిరిగి వచ్చాడు. గొట్టాన్ని విప్పి నా కంటి ముందు పట్టాడు. “చూడు బేటీ, మంచిగ చూడు.” చూశాను. అటు కొసన ఆకాశం రూపాయిబిళ్లంత గుండ్రంగా, ఎక్కడా ఒరగకుండా కనబడింది.

“మళ్ల వంచొచ్చా అన్నా?” అని అత్త అడిగింది.

“అబ్బాజాన్ చెయ్యి అది. నాతోని రాదు. సోమయ్యతోని గూడ రాదట,” అని ఆయన నవ్వాడు. మేమూ నవ్వాము. అప్పుడు నవ్వే వచ్చింది.

ఇక తుదిసమరం! బిడ్డను వీపుకు కట్టుకొని నేను తుపాకి వెనుక నిలబడ్డాను. తుపాకికి వెనుకవైపు నిలబడితే గుండు తగలదనే పరమసత్యం నాకు అప్పుడే తట్టింది. పొద్దున్నే తట్టి ఉంటే కొలిమి అవసరమే ఉండేది కాదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ పడుకోనివ్వదు.

మొదట మాజిద్ చాచా ధనుర్విద్యాగురువులా మోకాలు మోపి, ఊపిరి బిగించి, పేల్చాడు. ఛర్రా కాకికి ఆమడ దూరాన కుడివైపు దుబ్బలో పడింది. మళ్లీ పేల్చాడు. మళ్లీ కుడివైపే. తుపాకి నిటారయింది గాని, ఇరవై ఏళ్లు కుడికి జరిపి పట్టిన చెయ్యి నిటారు కాలేదు.

“గదేందన్నా, కొలిమిల చెయ్యి గూడ పెట్టి రావాల్సింది!” అంది అత్త.

“ఇగో, నువ్వే కొట్టు చెల్లె. ఒక్కటే మిగిలింది.”

ఒక్కటే ఛర్రా! అస్తాద్రిశిఖరమున భాస్కరుడు నిలిచి చూచుచుండ, దీక్షా శిబిరం నుండి సైకిలు మీద అప్పుడే వచ్చిన నా భర్త గట్టుపై కొయ్యబారి చూచుచుండ, అతడి వెనుక మా మామ బాల్‌సింగ్ బీడీ ముట్టించుట మరచి చూచుచుండ, గాజుల చేయి కదలక, కనురెప్ప అదరక, ఇరవై ఏళ్ల నింద మొత్తాన్ని ఒక్క వేలికొసకు తెచ్చి, తుల్సీబాయి మీట నొక్కింది.

ఫట్! కుండతల వేయి వ్రక్కలయింది! సింహాసనభంగమై కాకరాజు గగనమునకెగసి, ప్రాణభీతితో నోరు తెరిచి ‘కా’ అన్నాడు. అనినంతనే, ఆ ముక్కుననున్న ఒక మక్కగింజ, ఒకే ఒక్క మక్కగింజ, సాయంత్రపుటెండలో మెరుస్తూ, తిరుగుతూ, నేరుగా వచ్చి మా అత్త ఒడిలో పడింది. కపోతసేన ఝల్లున లేచి పక్కచేనికి వలస పోయింది.

“ఎవలయ్యా గుడ్డిది?” అని అత్త మామను అడిగింది.

“కాకికి తగల్లే గదనే,” అన్నాడు మామ, మెల్లగా.

“నేను కుండకే పెట్టిన!”

మామ బీడీని మొదటిసారి తిరగేసి ముట్టించాడు.

మాజిద్ చాచా మూట విప్పి, ఎర్రచట్రపు అద్దమొకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. “గిది కురవిల నువ్వు గెలిచిన అద్దం చెల్లె.”

జయం! జయం! గడీలూ తోపులూ విందురు గాక! మక్కచేని మహాసంగ్రామమున శత్రువు చేతినుండి, అనగా ముక్కునుండి, ఒక గింజ విడిపించబడినది! అరగంటకు పక్షులన్నీ తిరిగి వచ్చాయి. అది వేరే సంగతి. ఆ గింజను నేను అత్త ఒడిలోనుండి తీసి కొంగుకు ముడివేసుకున్నాను, పిల్లవాడు నోట్లో పెట్టుకుంటాడేమోనని.

సమ్మె ముగిసింది. బస్సులు కదిలాయి. చాచా కిటికీలోంచి ఒక బుగ్గ నా కొడుకు చేతికిచ్చి వెళ్లిపోయాడు.

తర్వాతి మాఘంలో మేడారం జాతరకు పోయిన మా ఆయన బుగ్గల వరుసంతా వెతికాడు. చాచా పలక కనబడలేదు. పక్క దుకాణంవాడు చెప్పాడట: మొదటి రోజే పోరగాళ్లు కొట్టిందల్లా తగిలిందని, పగటికల్లా అద్దాలు, దువ్వెనలు అయిపోయాయని, చివరి బుగ్గ కూడా పగిలాక ఆయన పలక ఎత్తుకొని వెళ్లిపోయాడని. అప్పటినుండి ఫోన్ చేస్తే మోగడం లేదు. నా బిడ్డ కోసం నిటారు చేసుకున్న తుపాకి అది.

ఘనపూర్ మాకు దూరం, పిల్లవాడితో నేను కదలలేను. మీలో ఎవరైనా అటు పోతే, మసీదు వెనుక సందులో, నీలం తలుపు, గడపమీద రబ్బరు బుగ్గల ముక్కలు ఉంటాయట, ఒకసారి తలుపు తట్టండి. తుల్సీబాయి ఆ అద్దం ముందు కూర్చొని సూదిలో దారం ఎక్కిస్తున్నదని చెప్పండి. తొట్టెలలోని వాడు నడుస్తున్నాడని చెప్పండి. మంచిగున్నానని ఆయన అంటాడు. నమ్మకండి. లోపలికి పోయి పొయ్యిమీద కుండ ఉందో లేదో చూసి రండి.