పద్నాలుగు గదుల అతిథి

1988 బోనాల ఆదివారం పొద్దున్నే శివరాం తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మంచం మీద బుద్ధిగా కూర్చున్నాడు. ఇవాళ ఒకరింట్లో, ఎవరైనా కొసరి వడ్డిస్తుంటే అన్నం తినాలి. అదొక్కటే అతని కోరిక. బొంబాయిలో ఫాక్‌లాండ్ రోడ్ పక్కన, తెలుగు కూలీల వరస గదులున్న ఈ చాల్‌కు వచ్చి మూడేళ్లయినా అలా పిలిచిన నాథుడు లేడు. "తిన్నవా?" అని ఒక్కసారి అడిగింది మాత్రం పద్నాలుగో గది లక్ష్మవ్వ.

పండగనాడు ఒంటరి కూలీలకు గదికి ముగ్గురు చొప్పున అన్నం పెట్టడం చాల్ ఆనవాయితీ. ఎవరు ఏ గదికో రాసే పనిని ఈసారి సంఘం పెద్ద శంకర్రావు, వర్లి ఆఫీసులో కంప్యూటర్ మీద పనిచేసే శివరాంకు అప్పగించాడు. శివరాం ఆబ్జెక్టివ్-సి అనే కంప్యూటర్ భాషలో ఒక డిక్షనరీ తయారుచేశాడు. గది నంబరు ఇస్తే, ఆ గదికి వెళ్లేవాళ్ల జాబితా తీసిస్తుంది. లక్ష్మవ్వ గదికి సిగ్గుపడుతూ తన పేరొక్కటే పెట్టుకున్నాడు.

అక్కడే కొంప మునిగింది. గదికో కొత్త జాబితా చెయ్యకుండా, ఉన్న ఒక్కదాన్నే ప్రతి గది కిందా పెట్టి, తుడిచి, మళ్లీ నింపుతూ పోయాడు. పద్నాలుగు నంబర్ల కిందా ఉన్నది ఒకే జాబితా. అందులో చివరికి మిగిలింది ఒకే పేరు. అచ్చయ్యాక లక్ష్మవ్వ గది కాగితం చూసుకుని మురిసిపోయాడు. మిగతావి చూడకుండానే శనివారం రాత్రి తలుపులకు అంటించాడు.

తొమ్మిదింటికి తాపీమేస్త్రీ దుర్గయ్య తలుపు బాదాడు.

"ఏం సార్, ముప్పై తొమ్మిది మందిమి ఉన్నం. ఒక్కని పేరు లేదు. అన్ని గదులల్ల నీ పేరేనా?"

వెనకే తారాబాయి దిగింది. "మా ఇంట్ల ఈడొచ్చిన పిల్లున్నది. అందుకే రాసుకున్నవా?"

"అది కాదక్కా, ఉన్నది ఒక్కటే జాబితా..."

"ఒక్కటే అయితే పద్నాలుగు తలుపులకెట్ల అంటింది?"

శంకర్రావు ఇంకా మండిపడ్డాడు. "మా ఇంట్ల పిల్లనే లేదు గదా! నా తలుపుకెందుకు అంటించినవ్?" చివరికి చెయ్యి విదిలించాడు. "ఛోడో! ఎవలకు ఏ గది దగ్గరైతే ఆడ తినుండ్రి."

కూలీలు గదుల్లోకి దూరారు. శివరాం తలుపు దగ్గరగా వేసుకుని, లక్ష్మవ్వ పిలుస్తుందని ఎదురుచూశాడు. పిలవకుండా వెళ్లడానికి ఇప్పుడు మొహం చెల్లలేదు. ఆకలి కన్నా గోడ అవతలి నవ్వులే అతన్ని ఎక్కువ బాధపెట్టాయి.

నాలుగింటికి ఆగలేక వెళ్లాడు. లక్ష్మవ్వ గిన్నెలు తోముతోంది.

"నీకోసం చూసి చూసి, దుర్గయ్యోళ్లకు పెట్టిన బిడ్డా. పద్నాలుగిండ్లల్ల పేరున్నోనివి, యాడ్నో తింటున్నవనుకున్న. తిన్నవా మరి?"

"తిన్న అవ్వా," అన్నాడు శివరాం.

తక్కిన పదమూడు గదులవాళ్లూ అలాగే అనుకున్నారు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదు. గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర నిలబడి వడా పావ్ తిన్నాడు. సోమవారం ఆఫీసులో గదికో కొత్త జాబితా పెట్టి తప్పు దిద్దాడు.

ప్రోగ్రాం చక్కగా నడిచింది. బోనాలకు ఇంకా ఏడాది ఉంది.